దివిసీమ సాక్ష్యం: గణపతిదేవుని చరిత్రరచనలో రెండు తూకాలు

కాకతీయ గణపతిదేవుని (1199–1262) పాలనను గురించి మన సాహిత్య చరిత్రలు, పరిశోధన వ్యాసాలు తరచుగా ఒక కథ చెబుతాయి. రాజు తీరాంధ్రంపై దండెత్తి కృష్ణా సంగమ ప్రాంతంలోని దివిసీమను జయించాడు. ఓడిన అయ్య వంశీయులపై దయ చూపాడు. ఆ ఇంటి ఆడపడుచులైన నారాంబ, పేరాంబలను వివాహమాడాడు. వారి తోబుట్టువు జాయపను చేరదీసి గజసాహిణిని చేశాడు. ఆ ఆదరణ ఫలంగా జాయప సేనాని ‘నృత్తరత్నావళి’ వెలువడింది. ఇదీ కథ. ఇందులోని సంఘటనలతో నాకు పేచీ లేదు. యుద్ధం జరిగింది, వివాహాలు జరిగాయి, పదవి దక్కింది, గ్రంథం మన చేతిలో ఉంది. నా అభ్యంతరమల్లా వీటిని ఒక్క దారానికి గుచ్చిన ‘దయ’ అనే మాటతోనే. ఆ మాట ఆధారాల నుంచి వచ్చింది కాదు, విజేత పక్షాన నిలబడి చదివే మన అలవాటు నుంచి వచ్చింది.

ఈ అలవాటు ఎంత బలమైనదో తెలియాలంటే గణపతిదేవుని జీవితంలోనే మరో ఘట్టాన్ని చూడాలి. రాజ్యానికి రాకముందు ఆయన దేవగిరి యాదవుల చెరలో ఉన్నాడు. తండ్రి మహాదేవుడు యాదవులతో పోరులో మరణించగా కుమారుడు బందీ అయ్యాడు. తరువాత జైతుగి ఆయనను విడిపించి ఆంధ్రదేశాధిపతిగా నిలబెట్టాడని యాదవ పక్షపు ప్రశస్తులు కీర్తించాయి. ఆ కీర్తనను మన చరిత్రకారులు యథాతథంగా స్వీకరించలేదు, స్వీకరించకపోవడం సబబే. యాదవులకు హోయసలులతో వైరం ఉంది, తూర్పున స్నేహరాజ్యం అవసరమైంది, కాబట్టి ఆ విడుదల రాజనీతి అని వివరిస్తారు. జైతుగి కరుణాసముద్రుడని ఎవరూ రాయరు.

మరి రెండేళ్లు తిరగకుండానే అదే గణపతిదేవుడు దివిసీమలో చేసిన పనిని వివరించే వేళ ఈ వివేకం ఎక్కడికి పోతున్నది? దేవగిరి రాజు బందీని విడిచిపెడితే రాజనీతి, ఓరుగల్లు రాజు ఓడినవారిని చేరదీస్తే ఔదార్యం! ఒకే రకమైన క్రియకు రెండు తూకాలు వాడుతున్నాం. తెలుగు రాజు కాబట్టి తూకం మార్చడం అభిమానం కావచ్చు, పరిశోధన కాదు.

ఆధారాలను తేదీల వరుసలో పెట్టి చూద్దాం. దండయాత్ర సుమారు 1201 నాటిది. దాన్ని నడిపిన మల్యాల చౌండ సేనాని 1203 నాటి కొండపర్తి శాసనం ఆ దాడికి అతి సమీప కాలపు సాక్ష్యం. అందులో ఆయన బిరుదు ‘దీవిచూరకార’, అంటే దివిని కొల్లగొట్టినవాడు. ‘ద్వీపీలుంటాక’ అన్న బిరుదుదీ అదే అర్థం. గెలిచినవారు తమ పనికి తామే పెట్టుకున్న పేరు ‘కొల్ల’. రెండేళ్ల లోపల, సొంత నేలపై, గర్వంగా చెక్కించుకున్న మాట ఇది. దయ అన్న భావానికి ఇందులో చోటు లేదు.

తరువాతి సాక్ష్యాలు జాయపవి. 1213 నాటి చేబ్రోలు శాసనం ఒకటి, 1231 నాటి గణపేశ్వరం శాసనం రెండవది. గణపేశ్వరం నేటి నాగాయలంక మండలంలోని గ్రామం. అవనిగడ్డ దగ్గర పులిగడ్డ వద్ద కృష్ణ రెండు పాయలుగా చీలి సముద్రం వైపు సాగే భూభాగంలో, అంటే దివిసీమ నడిబొడ్డున, ఆ ఊరు ఉంది. అక్కడ జాయప రాజు పేర శివాలయం నిర్మించి శాసనం వేయించాడు. హుల్ష్ దాన్ని ‘ఎపిగ్రాఫియా ఇండికా’ మూడవ సంపుటంలో ప్రకటించి నూరేళ్లు దాటింది. ఆ సంస్కృత శాసనంలో కాకతీయుల వంశక్రమం ఉంది, అయ్య వంశక్రమమూ ఉంది, నారాంబ, పేరాంబల వివాహ ప్రస్తావన ఉంది, జాయప పొందిన పదవి ఉంది. దండయాత్ర జరిగిన ముప్పై ఏళ్లకు, ఒకప్పుడు కొల్లపోయిన నేల మీద, ఆ వంశంవాడే తన పూర్వుల పేర్లను రాజు పూర్వుల పేర్లతో పాటు ఒకే శిలపై నిలిపాడు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. రాజు పేర గుడి కట్టించడం కృతజ్ఞత కాదా అని. ఏలికల పేర, తల్లిదండ్రుల పేర, తమ పేర దేవుళ్లను ప్రతిష్ఠించడం ఆనాటి ఆచారం. రేచర్ల రుద్రుడు పాలంపేటలో తన పేరుతోనే రుద్రేశ్వరాలయం కట్టించాడు. దాన్ని బట్టి ఆయనకు రాజుపై కృతజ్ఞత లేదని ఎవరూ తేల్చరు. దాత తన వంశాన్ని చెప్పుకోవడం కూడా ఆచారమే కనుక, గణపేశ్వరం శాసనంలో తిరుగుబాటు ధ్వనిని వెతకడమూ అంతే తప్పు. ఆచారం మనసుకు సాక్ష్యమివ్వదు, స్థితికి ఇస్తుంది. ఈ శాసనం చెప్పే స్థితి స్పష్టం. 1231 నాటికి అయ్య వంశీయుడు దివిలో ఆలయం కట్టి దానధర్మాలు చేయగల బలంతో ఉన్నాడు, తన వంశాన్ని దాచుకోవలసిన అవసరం లేకుండా రాజుకు బంధువుగా, సేనానిగా ఉన్నాడు.

అలాంటివాడు రాజుకు ఎందుకు అవసరమయ్యాడు? ఇది నా ఊహ, ఊహగానే చెబుతున్నాను. అప్పటిదాకా వెలనాటి ప్రభువుల ఏలుబడిలో ఉన్న తీరాన్ని కత్తితో ఒకసారి గెలవవచ్చు, కానీ ఏటిపాయలు, రేవులు, సముద్రం తెలిసిన స్థానిక ప్రభువులు లేకుండా నిలుపుకోవడం కష్టం. 1244–45లో గణపతిదేవుడు మోటుపల్లిలో సముద్ర వర్తకులకు అభయశాసనం ఇచ్చాడు. ఓడలు చెడి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును లాక్కోబోమని, సుంకం మాత్రమే తీసుకుంటామని హామీ ఇచ్చిన పాలన అది. తీరం విలువ ఎరిగిన ఆ రాజుకు దివితో బంధుత్వం కానుక కాదు, అక్కర. ఈ ఊహను ఖండించేవారు ఆధారంతో ఖండించవచ్చు. ‘దయ’ కథకు ఆ అవకాశమే లేదు, ఎందుకంటే దానికి ఆధారమే చూపలేదు.

ఇతర దేశాల చరిత్రరచన ఈ చిక్కును ఎలా ఎదుర్కొందో గమనించడం మేలు. ఆంగ్లో–సాక్సన్ రాజు ఆల్ఫ్రెడ్ (871–899) 878లో ఎడింగ్టన్ వద్ద డేన్ నాయకుడు గుత్రమ్‌ను ఓడించాడు. ఓడిన శత్రువుకు బాప్తిస్మం ఇప్పించి, తానే ధర్మపితగా నిలిచి, ఆథెల్‌స్టన్ అనే కొత్త పేరు పెట్టించాడు. శత్రువును చుట్టం చేసుకోవడం ఓరుగల్లుకే తెలిసిన విద్య కాదన్నమాట. ఆల్ఫ్రెడ్ చరితను 893లో రాసిన ఆసర్ ఆ రాజు కొలువులోని మతాచార్యుడు. అక్కడి పండితులు ఆ గ్రంథాన్ని పారేయలేదు, నెత్తికీ ఎత్తుకోలేదు. రచయిత ఎవరు, ఎవరి కోసం రాశాడు అని అడిగారు. దాని ప్రామాణికతపైనే వాదాలు నడిచాయి. ఆల్ఫ్రెడ్, గుత్రమ్‌ల మధ్య సరిహద్దులు నిర్ణయించిన ఒప్పందాన్ని పక్కన పెట్టుకుని చదివారు. అంత పరీక్ష జరిగాక కూడా ఆల్ఫ్రెడ్ గొప్ప రాజుగానే మిగిలాడు. పరీక్షకు నిలిచిన కీర్తి తరగదు. గణపతిదేవుని విషయంలో మనకెందుకు భయం?

ఈ తప్పుడు తూకం వల్ల కలిగే నష్టం సాహిత్యానికీ తగులుతున్నది. రామప్ప గుడి నర్తకీ శిల్పాలు ‘నృత్తరత్నావళి’ని అనుసరించి చెక్కినవన్న వాక్యం ఎన్నో వ్యాసాల్లో కనబడుతుంది. ఆ ఆలయ శాసనం 1213 నాటిది. గ్రంథ రచనాకాలం 1253–54. నలభై ఏళ్ల తరువాత పుట్టిన గ్రంథాన్ని శిల్పులు ఎలా అనుసరించారు? ఈ చిక్కు గమనించినవారు కొందరు కథను తిరగేసి, ఆ శిల్పాలు చూసే జాయప రాశాడంటారు. అలా అనాలంటే ఏ శ్లోకంలోని ఏ లక్షణం ఏ శిల్పంలో ఉందో చూపాలి. చూపకుండా అనడానికి కారణం ఒక్కటే: కాకతీయ కళ ఏదైనా ఓరుగల్లు చుట్టుపక్కలే పుట్టాలన్న ముందస్తు నమ్మకం. దివి నుంచి వచ్చి చేబ్రోలులో అధికారం నెరపినవాడు ఆ తీరసీమలో చూసిన ఆటలేవి, ఆ గ్రంథపు చివరి నాలుగు అధ్యాయాల్లోని దేశి నృత్తాలకు వాటితో సంబంధమేమిటి అన్న ప్రశ్న ఈ నమ్మకం కింద నలిగిపోయింది.

దీనికి విరుగుడుగా దివిసీమ అభిమానాన్ని తెచ్చి నిలపమని నేననడం లేదు. కూచిపూడి ఆ దగ్గరలోనే ఉంది కాబట్టి జాయపే దానికి మూలపురుషుడనడం కూడా ఆధారం లేని మాటే. ఒక కేంద్రం పేర జరిగిన పొరపాటును మరో కేంద్రం పేర చేయడం దిద్దుబాటు కాదు.

ఇంతకూ ఈ స్థితికి మన శాఖల బాధ్యత ఎంత? ‘నృత్తరత్నావళి’ సంస్కృతంలో ఉందని తెలుగు పాఠ్యప్రణాళిక వదిలేసింది. వి. రాఘవన్ పరిష్కరణ 1965లోనే వచ్చింది, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి అనువాదం 1969లో వచ్చింది, అయినా వాటిని తెరవకుండానే జాయపపై వ్యాసాలు వస్తున్నాయి. గణపేశ్వరం శాసనానికీ అదే గతి. కాకతీయ పతనం తరువాత ఎంతో కాలానికి పుట్టిన ఏకామ్రనాథుని ‘ప్రతాపచరిత్ర’కు ఇచ్చే విలువ సమకాలిక శిలకు ఇవ్వడం లేదు, ఎందుకంటే ఒకటి కథగా చదువుకోవచ్చు, రెండవది చదవాలంటే లిపి, ఛందస్సు, సంస్కృతం కావాలి. కష్టమైన ఆధారాన్ని పక్కకు నెట్టి సులభమైన కథను ఎత్తుకోవడం మన పరిశోధనలో వ్యాధిగా మారింది.

పరిశీలకుల వ్యవస్థ గల పత్రికలు ఈ విషయంలో కఠినంగా ఉండాలని నా వాదన. బిరుదును జీవితచరిత్రగా చూపే వ్యాసాన్ని, తేదీలు సరిచూడని పోలికను వెనక్కి పంపాలి. రాజు ‘దయ’, ‘ఔదార్యం’, ‘ఆదరణ’ వంటి మాటలు వాడిన ప్రతిచోటా అవి ఏ శాసనంలో, ఎవరి నోట, ఏ ఏట వచ్చాయో అడగాలి. స్నాతకోత్తర విద్యార్థికి కొండపర్తి, చేబ్రోలు, గణపేశ్వరం శాసనాలను పక్కపక్కన పెట్టి చదివించాలి. 1203లో కొల్లగొట్టినవాడి మాట, 1213, 1231లలో కొల్లపోయిన ఇంటివాడి మాట, రెండూ వినిపించినప్పుడే గణపతిదేవుడు స్తోత్రం నుంచి బయటపడి అరవై మూడేళ్లు రాజ్యమేలిన మనిషిగా కనిపిస్తాడు. చెరలో మగ్గి, కొల్లగొట్టించి, వియ్యమంది, ఓడలకు అభయమిచ్చిన ఆ రాజును అర్థం చేసుకోవడానికి మన పొగడ్త అవసరం లేదు. ఆధారాలను ఒకే తూకంతో తూచడం అవసరం.