సేవకి సెలవుల ప్యాకేజీ

ఈ మధ్య మెల్‌బోర్న్‌లో మనవాళ్ళు నలుగురు కలిస్తే ఒక కొత్త గొప్ప వినిపిస్తోంది. "మా అమ్మాయి సెలవుల్లో కంబోడియా వెళ్ళి రెండు వారాలు అనాథాశ్రమంలో వాలంటీరింగ్ చేసొచ్చిందండీ!" టిక్కెట్టూ, ఏజెన్సీ ఫీజూ కలిపి వేల డాలర్లు. బోలెడు ఫోటోలు. రెజ్యుమెలో ఒక లైను. అంతా బానే ఉంది గానీ, అక్కడి పిల్లలకి ఒరిగిందేమిటి?

ఆస్ట్రేలియాలో ఈ పని ఇలా మొదలవలేదు. హెర్బ్ ఫీత్ అని ఒకాయన. మనలాగే వలస వచ్చినవాడే. వియన్నాలో పుట్టి, నాజీల బారి నుంచి తప్పించుకుని 1939లో తల్లిదండ్రులతో మెల్‌బోర్న్ చేరాడు. 1951లో జకార్తా వెళ్ళి ఇండొనేషియా ప్రభుత్వ సమాచార శాఖలో ఉద్యోగంలో చేరాడు. అక్కడివాళ్ళ జీతమే తీసుకున్నాడు, వాళ్ళ భాషే మాట్లాడాడు. ఆ దారిలోనే వాలంటీర్ గ్రాడ్యుయేట్ స్కీమ్ వచ్చింది. ఇప్పటి ఆస్ట్రేలియన్ వాలంటీర్స్ ప్రోగ్రామ్‌లో కూడా అవతలి సంస్థ ఫలానా పని తెలిసిన మనిషి కావాలని అడిగితేనే ఇక్కడ వెతుకుతారు, శిక్షణ ఇచ్చి మరీ పంపుతారు.

"రెండు వారాలైనా వెళ్తున్నారు కదా, అదీ తప్పేనా?" అంటారు. తప్పే! కంబోడియా ఆశ్రమాల్లో చాలామంది పిల్లలకి తల్లో తండ్రో బతికే ఉన్నారు. చూడటానికి వచ్చే విదేశీయుల డబ్బు కోసం పిల్లల్ని ఇళ్ళ నుంచి తెచ్చి పెట్టే ఆశ్రమాలున్నాయి. 2018లో మోడర్న్ స్లేవరీ చట్టం తెచ్చినప్పుడు ఆస్ట్రేలియా ఈ తరలింపుని కూడా ఆధునిక బానిసత్వంగానే గుర్తించింది. ఇక్కడ మెల్‌బోర్న్‌లో ముక్కూమొహం తెలియనివాళ్ళు పిల్లల మధ్య పనిచెయ్యాలంటే వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్ అడుగుతాం. మన పిల్లలకి పనికొచ్చే జాగ్రత్త వాళ్ళ పిల్లలకి అక్కర్లేదా?

అసలు కొత్త ప్రాజెక్టులో చేరితే మనకి లాగిన్ రావడానికే రెండు వారాలు పడుతుంది. భాష రాని పదిహేడేళ్ళ పిల్ల ఆ రెండు వారాల్లో ఒక దేశాన్ని ఉద్ధరిస్తుందా?

లోకం చూడాలంటే చూడనివ్వండి, దాన్ని విహారయాత్ర అనండి. సేవే చెయ్యాలనుంటే ముందు చదువు పూర్తిచేసి ఒక పని నేర్చుకోనివ్వండి. తర్వాత అడిగినవాళ్ళ దగ్గరికి ఏడాదిపాటు పంపండి. అప్పటిదాకా ఆ టిక్కెట్టు డబ్బులు అక్కడి టీచరు జీతానికి పంపితే చాలు. ఫోటో రాదు, అంతే తేడా.