అనంతగిరి నుంచి తాండూరు దాకా ఒక కాలిబాట కావాలి

అమెరికాలో ఉన్న మన సాఫ్ట్‌వేర్ మిత్రులు వీకెండ్ వస్తే అపలాచియన్ ట్రెయిల్ మీద ఓ ఐదు మైళ్ళు నడిచి ఫొటోలు పంపిస్తుంటారు. బాగుంటాయి, కాదనను. జార్జియా నుంచి మెయిన్ దాకా సుమారు 3,500 కిలోమీటర్ల కాలిబాట అది. 1921లో బెంటన్ మెకై అనే ఆయన ప్రతిపాదించాడు, 1937లో పూర్తయింది. ఇవాళ్టికీ దాన్ని బాగుచేసేది ఎక్కువగా వాలంటీర్లే. దారి తప్పకుండా చెట్ల మీద రెండంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవు తెల్లగీతలు వేసుకుంటూ పోతారు. టెక్నాలజీ అంటే అంతే!

అలాంటిది మనకెందుకు లేదు? 3,500 అక్కర్లేదు, ఓ 40 కిలోమీటర్లు చాలు. వికారాబాద్ స్టేషన్‌లో రైలు దిగి, అనంతగిరి ఎక్కి, కోట్‌పల్లి చెరువు మీదుగా తాండూరు చేరి, అక్కడ మళ్ళీ రైలెక్కడం. చలికాలంలో రెండు పగళ్ళు, ఒక రాత్రి. దారంతా అడవే ఉండదు. కొంత అడవి, కొంత కంది చేను, కొన్ని తండాలు. నా మటుకు నాకు అదే నచ్చుతుంది.

ప్రస్తుతం మనవాళ్ళ "వింటర్ క్యాంపింగ్" ఎలా ఉందో మీకు తెలియంది కాదు. శుక్రవారం స్టాండప్ మీటింగ్ అవగానే నాలుగు కార్లు, మధ్యలో ఒక స్పీకరు. గుడారం ఎవరో వేసి పెడతారు, చికెన్ ఎవరో కాల్చి పెడతారు. తెల్లారేసరికి ఆఫీసు క్యాంటీన్ వెనక ఉండేంత చెత్త. అనంతగిరిది ఆకురాల్చే అడవి. చలికాలం ముదిరేకొద్దీ టేకాకులు, మోదుగాకులు ఎండి కింద మందంగా పరుచుకుంటాయి. దాని పక్కన చలిమంట వేసి, సగం ఆర్పి పడుకోవడాన్ని అడ్వెంచర్ అనరండీ, వేరే మాట ఉంది.

అసలు ఈ కొండల గొప్పతనం వ్యూ పాయింట్లో లేదు. మూసీ పుట్టేది ఇక్కడే. గుట్టలకు ఒక పక్క పడిన వాన మూసీలోకి జారి, గండిపేట మీదుగా హైదరాబాద్ దాటి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఇంకో పక్క పడింది కాగ్నాలోకి పోయి, తాండూరు దాటి కర్ణాటకలో భీమాలో కలిసి, ఆ భీమాతో కృష్ణ చేరుతుంది. ఒకే మబ్బు నుంచి పడి, ఇక్కడ విడిపోయిన రెండు చుక్కలు అన్ని వందల కిలోమీటర్లు తిరిగి వాడపల్లిలో కలుసుకోవచ్చన్నమాట! కారులో పోతే ఇది తెలియదు. కాళ్ళతో గట్టు ఎక్కి దిగితేనే, నీళ్ళు ఎటు పోతాయో ఒంటికి తెలుస్తుంది.

పోయిన డిసెంబరులో మేం ముగ్గురం కోట్‌పల్లి దాకా రోడ్డు పట్టుకుని నడిచాం. మేకలు కాసే ఒక పెద్దాయన మమ్మల్నీ, మా వీపు మీది మూటల్నీ పైకీ కిందికీ చూసి, "ఏం సారూ, బస్సు దొర్కలేదా?" అన్నాడు :) నవ్వుకున్నాం గానీ, ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. నడవడం ఆయనకు బతుకు, మనకు సరదా. కాలిబాట అంటూ వస్తే ఆ దారిలో ఉన్న తండాల వాళ్ళకి నాలుగు డబ్బులు రావాలి. అన్నం, వసతి, దారి చూపించే పని వాళ్ళవి కావాలి. రిసార్టుల వాళ్ళవి కాదు.

జనం వస్తే అడవి పాడవదా అని మీరడగొచ్చు. జనం ఇప్పటికే వస్తున్నారు. అందరూ ఒకే గుట్ట మీద, కార్లతో. బాట వేస్తే రోజుకి ఇంతమందే అని లెక్క పెట్టొచ్చు, గుడారాలు ఫలానా చోటే అని చెప్పొచ్చు, మంటలు వద్దనొచ్చు. రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా అడుగు పెట్టడం ఎలాగూ నేరమే. దొంగచాటుగా దూరేవాళ్ళకన్నా, పర్మిట్‌తో నడిచేవాళ్ళు అటవీశాఖకే మేలు.

ఇంకో పెద్ద కారణం ఉంది. ఇదే వికారాబాద్ జిల్లా పూడూరు మండలంలో దామగుండం అడవి ఉంది. నౌకాదళం వీఎల్ఎఫ్ కేంద్రం కోసం అందులో సుమారు 2,900 ఎకరాలు ఇచ్చారు. 2024 అక్టోబర్ 15న శంకుస్థాపన జరిగింది. దేశ రక్షణకి నేను వ్యతిరేకిని కాదు. జలాంతర్గాములకు సందేశాలు పంపే ఇలాంటి కేంద్రం తమిళనాడు తిరునల్వేలి దగ్గర ముందే ఉంది, రెండోది అవసరమే కావచ్చు. కానీ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళూ, పర్యావరణం వాళ్ళూ మొత్తుకుంటుంటే, మన గచ్చిబౌలిలో ఎంతమందికి దామగుండం ఎక్కడుందో తెలుసు? చూడని అడవి గురించి ఎవరూ అడగరు. ఏటా వెయ్యిమంది నడిచిన అడవి గురించి కనీసం వెయ్యిమంది అడుగుతారు.

ఖర్చు కూడా పెద్దదేం కాదు. మన ఇళ్ళలో పరుచుకున్న తాండూరు బండలే కిలోమీటరుకొకటి పాతి, మీద బాణం గుర్తు చెక్కిస్తే చాలు. మైలురాళ్ళు అక్కడి రాయితోనే, అక్కడి మనుషుల చేతే. మ్యాపు పనీ, పర్మిట్ల సాఫ్ట్‌వేరూ మనకి ఒక వారాంతం పని. ఓపెన్ సోర్స్‌కి అర్ధరాత్రుళ్ళు కోడ్ రాసేవాళ్ళం, దీనికి రాయలేమా?

కాబట్టి ఈ చలికాలం అటు వెళ్ళేవాళ్ళకి నాదొక్కటే మనవి. కారు ఇంట్లో పెట్టి రైలెక్కండి. అనుమతి ఉన్న చోటే పడుకోండి. తీసుకెళ్ళింది తిరిగి తెచ్చుకోండి. వచ్చాక వికారాబాద్ జిల్లా అటవీ అధికారికి ఒక ఉత్తరం రాయండి, మాకు కాలిబాట కావాలని. ఒకరు రాస్తే పక్కన పడేస్తారు. మన ఒక్కో ఆఫీసు నుంచి పదిమంది రాస్తే, కనీసం ఫైలైనా తెరుస్తారు.