ఫోన్ ఫెయిలైతే కంపెనీ తప్పు.. యాప్ ఫెయిలైతే మా తప్పా?

"ఆదివాసీలకు టెక్నాలజీ ఎక్కదు, చైతన్యం లేదు." ఏ ఆఫీసుకు పోయినా ఇదే పాట. ఈ మాట అనే సార్లందరికీ ఒక సంగతి గుర్తు చేద్దాం.

2010లో మైక్రోసాఫ్ట్ విండోస్ ఫోన్ తెచ్చింది. రంగురంగుల పలకల్లాంటి తెర. చూసినోళ్లు చాలామంది మెచ్చుకున్నారు. 2014లో నోకియా ఫోన్ల వ్యాపారాన్నే కొనేసింది. పైసలకు కొదవ లేదు. అయినా జనం తీసుకోలేదు. ఎందుకు? రోజూ వాడే యాప్‌లు అందులో లేవు. ఇన్‌స్టాగ్రామ్ వచ్చేసరికే 2013 చివరైంది. గూగుల్ యూట్యూబ్ యాప్ చేసివ్వలేదు, మైక్రోసాఫ్ట్ సొంతంగా చేసుకుంటే అడ్డుకుంది. వాడేటోళ్లు లేరని యాప్‌లు రాలేదు, యాప్‌లు లేవని వాడేటోళ్లు రాలేదు. 2020 జనవరికల్లా అప్‌డేట్లు కూడా ఆగిపోయాయి.

అప్పుడు పట్నపోళ్లకు చైతన్యం లేదని ఎవరైనా అన్నారా? వాళ్లకు అవగాహన సదస్సులు పెట్టారా? లేదు. సరుకులోనే లోపం ఉందన్నారు. మరి మా దగ్గరికొచ్చేసరికి లోపం మనుషుల్లోకి ఎట్లా వస్తది?

2017లో 1500 రూపాయల డిపాజిట్‌తో జియోఫోన్ వచ్చింది. బటన్ల ఫోనే. నోటితో అడిగితే పలికే ఏర్పాటుంది. 2018లో వాట్సాప్ కూడా వచ్చింది. కోట్ల మంది తీసుకున్నారు. అదే 2010లో ఛత్తీస్‌గఢ్ అడవుల్లో సీజీనెట్ స్వర మొదలైంది. మామూలు ఫోన్‌తో కాల్ చేసి, గోండిలో కూడా ఊరి సమస్య చెప్పొచ్చు, పక్క ఊరోళ్లది వినొచ్చు. చదువు అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు. ఆదివాసీలు వాడారు. మనిషికి తగ్గట్టు చేస్తే మనిషి వాడతాడు. ఇంతే లెక్క.

ఇప్పుడు ఉపాధి హామీ సంగతి చూడండి. 2023 జనవరి 1 నుంచి పనుల దగ్గర ఎన్‌ఎంఎంఎస్ యాప్‌తోనే హాజరన్నారు. రోజుకు రెండుసార్లు ఫొటో. మేట్ చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉండాలి, అది పనిచేయాలి, ఫొటో ఎక్కడానికి సిగ్నల్ దొరకాలి. గుట్ట మీద సిగ్నల్ ఏది? మట్టి తవ్వింది నిజం, చెమట నిజం. ఫొటో ఎక్కకపోతే కూలి మాత్రం అబద్ధమైపోద్ది!

నచ్చని ఫోన్‌ను పట్నపోళ్లు షాపులోనే వదిలేశారు. పనికిరాని యాప్‌ను కూలోడు ఎక్కడ వదలాలి? వదిలితే పస్తే. కొనేటోడికి కాదనే హక్కుంది గనకే కంపెనీ దిగొచ్చింది. మాకు ఆ హక్కు లేదు గనకే సర్కారు దిగిరావట్లేదు. దీన్ని డిజిటల్ విప్లవం అనకండి, రుద్దుడు అనండి.

మేం టెక్నాలజీ వద్దనట్లేదు. గుంజాల గోండి లిపికి 2018లోనే యూనికోడ్‌లో చోటు దొరికింది. లిపి ఉంది, భాష ఉంది, మాట్లాడే లక్షల మంది ఉన్నారు. మీ యాప్‌లో మా భాష ఏది? రాయలేనోళ్ల కోసం గొంతు ఏది?

మా డిమాండ్లు మూడే. సిగ్నల్ లేని చోట కాగితం మస్టర్ చెల్లాలి. యాప్ తప్పుకు కూలి కోయొద్దు. కొత్త యాప్ ఏదైనా ముందు మా గూడెంలో, మా కూలీల చేతుల్లో పరీక్షించి, గ్రామసభ ముందు పెట్టి, ఆ తర్వాతే తప్పనిసరి అనాలి.

మమ్మల్ని మార్చే ముందు మీ యాప్ మార్చండి.

జోహార్!