ఉచిత సైటులో వాన లెక్కలు ఎన్నాళ్లుంటాయి?

బరంపురంలో మా వీధి మాస్టారు ఒకరు రిటైరయ్యాక మేడమీద చిన్న వాతావరణ పరికరం పెట్టుకున్నారు. వాన, గాలి, ఎండ లెక్కలు తెలుగులోనూ ఒడియాలోనూ ఇంటర్నెట్‌లో పెట్టేవారు. పోయినేడాది ఆ ఉచిత సైటు మూతపడింది. ముందుగా మెయిల్ వచ్చిందట, ఆయన చూసుకోలేదు. పరికరం లెక్కలన్నీ నేరుగా సైటుకే పంపేది. ఇంట్లో కాపీ లేదు. ఆరేళ్ల వాన మాయం. ‘పైసా ఇవ్వలేదు కదా బాబూ, ఎవర్ని అడుగుతాం?’ అన్నారు.

నిజమే, అడగలేం. లక్షల సొంత పేజీలున్న జియోసిటీస్‌ను యాహూ 2009లో మూసేసింది. డాట్ టీకే పేర్లు ఊరికే పంచిన ఫ్రీనామ్ 2023లో కొత్తవి ఇవ్వడం మానేసింది. ఇచ్చేవాడి ఓపిక ఉన్నన్నాళ్లే ఉచితం.

అలాగని నెలనెలా డబ్బు పొయ్యమని నేననను. మొదటి ఏడాది కారుచవక అని ఊరించి, రెన్యువల్‌కి రెండు మూడింతలు గుంజే హోస్టింగులూ ఉన్నాయి. అసలు వాతావరణ సైటుకు పెద్ద సర్వర్ ఎందుకు? వీవెక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇంట్లో చిన్న కంప్యూటర్ మీదే లెక్కలు కట్టి, తయారైన పేజీలు పంపుతుంది. లెక్కలన్నీ ఇంట్లోనే ఒక ఫైల్లో ఉంటాయి, పెన్‌డ్రైవ్‌లో వేసుకోవచ్చు. ఆ పేజీలు చూపించడానికి గిట్‌హబ్ పేజెస్ ఉచిత ఖాతా చాలు. నెలకు 100 జీబీ దాకా ఇబ్బంది ఉండదు. పేజీ 200 కేబీ అనుకుంటే 5 లక్షల సార్లు చూడొచ్చు. మా ఊరికి ఎక్కువే. చిక్కల్లా గంటకు 10 సార్లకు మించి పేజీలు మార్చొద్దనే పరిమితి దగ్గరే. వీవెక్స్ మామూలుగా 5 నిమిషాలకోసారి, అంటే గంటకు 12 సార్లు మారుస్తుంది. పావుగంటకు పెట్టుకుంటే గొడవే లేదు.

డబ్బు పెట్టాల్సింది ఒక్కచోటే, సొంత డొమైన్ పేరుకి. డాట్ ఇన్ పేరు ఏడాదికి వెయ్యి లోపే దొరుకుతుంది. రేపు హోస్టింగ్ మారినా జనానికి తెలిసిన చిరునామా మారదు. మాస్టారి పాత లింకు ఫోన్లలో దాచుకున్నవాళ్లు ఇప్పటికీ నొక్కుతున్నారు, ఏమీ రాదు.

ఇదేదో సరదా వ్యవహారం అనుకోకండి. 2013 అక్టోబరు 12 రాత్రి పైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ పలాస వైపు దాటి గంజాం, గజపతిలను కూడా ముంచింది. మా ఇళ్లలో పెద్దోళ్లు ఒడియా గడగడా మాట్లాడతారు గానీ చదవలేరు. తెలుగు చానెళ్లేమో ఇచ్ఛాపురం దగ్గర ఆగిపోతాయి. మన వీధిలో ఎన్ని మిల్లీమీటర్లు పడిందో మన అక్షరాల్లో చెప్పేది ఇలాంటి సైట్లే. తుపాను హెచ్చరిక మాత్రం వాతావరణ శాఖదే. సొంత జోస్యాలు వద్దు. కరెంటు పోయినరోజే జనం ఎక్కువ చూస్తారు కాబట్టి కంప్యూటర్‌కీ, నెట్ డబ్బాకీ బ్యాటరీ తప్పనిసరి.

మాస్టారు మళ్లీ మొదలెట్టారు. వాతావరణ శాఖ లాగే ఉదయం 8.30 నుంచి మర్నాడు 8.30 దాకా ఒక రోజుగా వాన లెక్కగడుతున్నారు. ఈసారి నోటుపుస్తకంలో కూడా రాస్తున్నారు.