దాణా సంచిపై అంకె - సంచిలోని సరకు

సంఘ సభ్యులకు విన్నపము. మన కోనసీమ గ్రామములలో పూర్వము గేదెకు పెట్టు దాణా యెట్టిదో పెట్టువానికి తెలిసియుండెడిది. తవుడు ఊరి మిల్లుది. కొబ్బరి తెలగపిండి అంబాజీపేటది. ఉలవలు ఇంటిలో ఉడికించినవి. నేడు కుట్టిన సంచిలో గుళికలు వచ్చుచున్నవి. వానిలో ఏది యెంత కలిసెనో చూపునకు తెలియదు. కావున మనము సంచిపై ముద్రించిన మాంసకృత్తుల శాతమును, బస్తా వెలను మాత్రమే చూచి కొనుచున్నాము. ఈ పద్ధతి సహకార సంఘమునకు తగదని నా యభిప్రాయము.

ఏలయన, ఆ అంకె మాంసకృత్తులను నేరుగా కొలిచి వేసినది కాదు. పరీక్షశాలలో సరకునందలి నత్రజనిని కొలిచి, దానిని 6.25 చేత హెచ్చింతురు. ఆ నత్రజని తెలగపిండిదైనను, ఎరువుదైనను ఆ పరీక్షకు భేదము లేదు. యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజనియే. లెక్క వేసి చూడుడు: 50 కిలోల బస్తాలో అరకిలో యూరియా కలిపినచో ఆ శాతము దాదాపు 2.9 పెరుగును. అరకిలో యూరియా వెల యెంతయో వరి పండించు మీకు నేను చెప్పనేల?

యూరియా సర్వదా విషమని నేననను. నెమరువేయు పెద్ద పశువు కడుపులోని సూక్ష్మజీవులు మితమైన యూరియాను మాంసకృత్తులుగా మార్చగలవు. లేగదూడకు ఆ శక్తి యుండదు. మితము మించినచో పాడిగేదెయే ప్రాణము విడువవచ్చును. చెప్పి కలుపుట వేరు, దాచి కలుపుట వేరు.

2007లో అమెరికా దేశమున కుక్కలకును పిల్లులకును అమ్ము ఆహారములో ఇట్టి మోసమే బయటపడినది. చైనానుండి తెచ్చిన గోధుమ జిగురులో మెలమైన్ అను రసాయనము కలిసియుండుటచే మూత్రపిండములు చెడి ఆ జంతువులు చచ్చినవి. మెలమైన్ కలుపుటయు నత్రజని అంకె పెంచుటకే. మరుసటి యేడు చైనాలో పసిబిడ్డల పాలపొడిలోనే అది కనబడెను.

ఇక తవుడు. మంచి తవుడు వ్రేళ్లకు జిడ్డుగా తగులును, కమ్మని వాసన వేయును. ఊకపొడి కలిసినది గరగరలాడును. గుప్పెడు తీసి చెంబెడు నీళ్లలో వేసి కలుపుడు. ఊక చాలవరకు పైకి తేలును, ఇసుక అడుగున నిలుచును. గుళికలనైనను నానబెట్టి విడదీసి చూడవచ్చును. నూనె తీసిన తవుడు తప్పుడు సరకు కాదు గాని, దానికి నూనెగల తవుడు వెల యిచ్చుట తప్పు.

బూజు విషయము మాత్రము కంటికి అందదు. 1960లో ఇంగ్లండున లక్షకు పైగా టర్కీకోళ్లు చచ్చినవి. కారణము వేరుశనగ చెక్కలోని బూజు విషము. దానికే తరువాత అఫ్లటాక్సిన్ అని పేరిడిరి. సరిగా ఎండని కొబ్బరి నుండి ఆడిన చెక్కలోను అది పుట్టును. మన తేమగాలిలో ఆ భయము మరింత హెచ్చు. పశువు తిన్న విషములో కొంత పాలలోనికి దిగును. ఆ పాలు త్రాగునది మన పిల్లలే.

ఒక్క రైతు దీనికి పరీక్ష చేయింపలేడు, సంఘము చేయింపగలదు. ఏయే సరకు ఎన్ని పాళ్లో వ్రాసి సంతకము చేసి యిచ్చు వ్యాపారివద్దనే కొనవలెను. వచ్చిన ప్రతి లోడునుండి మచ్చు తీసి, యూరియా, అఫ్లటాక్సిన్, ఆమ్లమునందు కరగని బూడిద, ఈ మూడింటికి పరీక్ష కోరవలెను. ఆ బూడిదయే ఇసుకను, ఊకను పట్టియిచ్చునది. బస్తాకు వెల పెరుగునని కొందరందురు. కొంత పెరుగును, అయినను ఊకను దాణా వెలకు కొనుటకంటె అది నష్టము కాదు. వ్యాపారులందరు మోసగాండ్రని నా మాట కాదు. నాణ్యమైన సరకు అమ్మి, చవుక సరకుతో పోటీపడలేక నలుగుచున్నవానికే దీనివలన మేలు.

వచ్చు సర్వసభ్య సమావేశమున దీనిని చర్చకు తేవలెనని కోరుచున్నాను. అంతవరకు సంచి విప్పిన ప్రతి సభ్యుడును రెండు గుప్పిళ్ల దాణాను పొడి సీసాలో పోసి, మూత బిగించి, తేది వ్రాసి, ఆ సంచి చెల్లువరకు దాచియుంచవలెను.