పోరంబోకు అంటే దిక్కులేని నేల కాదు

బందరులో డచ్చివారి సమాధులున్నాయి. పదిహేడో శతాబ్దంలో వర్తకానికి వచ్చి ఇక్కడే కన్నుమూసిన పరదేశీయుల గోరీలవి. కేంద్ర పురావస్తు శాఖ వాటిని రక్షిత కట్టడంగా కాపాడుతోంది. కాపాడవలసిందే. మా ప్రశ్న ఒక్కటే. అదే కృష్ణా తీరాన, బెజవాడ వన్ టౌన్‌లో బతికి ఈ మట్టిలోనే కలిసిపోయిన మన తాతముత్తాతల ఖబరస్తాన్‌ల దగ్గరకు వచ్చేసరికి ‘కాగితం చూపండి’ అన్న మాట ఎందుకు పుడుతోంది?

డచ్చివారి గోరీల మీద చెక్కిన రాళ్లున్నాయి. ఖబర్‌ను ఆడంబరం లేకుండా మట్టితోనే ఉంచమంటుంది మన ధర్మం. నాలుగు వానాకాలాలు గడిస్తే అది నేలమట్టమవుతుంది. ఆ నిరాడంబరతే, ‘ఖాళీ స్థలం’ అని రాసుకునేవారికి సాక్ష్యమైపోయింది.

ప్రభుత్వ దస్త్రాల మధ్యనే ఉద్యోగ జీవితం గడిపినవాళ్లం కనుక ఒక మాట గట్టిగా చెప్పగలం. చిక్కంతా ‘పోరంబోకు’ అనే ఒక్క పదంలో ఉంది. తెల్లదొరల రెవెన్యూ లెక్క శిస్తు కోసం పుట్టింది. శిస్తు రాని ఉమ్మడి నేలను, అంటే బాటను, చెరువును, శ్మశానాన్ని, పోరంబోకు కింద వేశారు. శిస్తు లేదని దాని అర్థం. హక్కుదారులు లేరని కాదు. 1858లో మొదలైన ఇనాం కమిషన్ విచారణతో మాన్యాలకు రిజిస్టరులో చోటు దొరికింది. ఏ సనదూ లేకుండా, బస్తీవాళ్లు తరతరాలుగా ఖననం చేస్తూ వచ్చిన నేలకు ఆ భాగ్యం దక్కలేదు.

1888లో బెజవాడ పురపాలక సంఘం ఏర్పడింది. కొండకూ కృష్ణకూ కాలువలకూ రైలు పట్టాలకూ నడుమ వన్ టౌన్ ఇరుకైపోయింది. గజం ధర పెరిగేకొద్దీ పోరంబోకు అర్థం కూడా మారింది.

బహిరంగ ఖబరస్తాన్‌లో ఖననాలు ఆగినంత మాత్రాన దాని స్వభావం పోదని సుప్రీంకోర్టు 1976లోనే చెప్పింది. ఒకసారి వఖ్ఫ్ అయినది ఎప్పటికీ వఖ్ఫేనని 1998లో, ఉమ్మడి రాష్ట్ర వఖ్ఫ్ బోర్డు వ్యాజ్యంలోనే తీర్పు చెప్పింది. కానీ 2025 సవరణ చట్టం వాడుక వల్ల ఏర్పడే వఖ్ఫ్‌కు ఇకమీదట చోటు లేకుండా చేసింది. లోగడ నమోదైనవాటిలోనూ, వివాదంలో ఉన్నవాటినీ ప్రభుత్వ భూమి అన్నవాటినీ రక్షణ నుంచి తప్పించింది. ప్రభుత్వ భూమా కాదా అని అధికారి తేల్చే నిబంధనలను 2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు నిలిపివేసింది. వాడుక వఖ్ఫ్ రద్దును మాత్రం ఆపలేదు. పోరంబోకు అన్న పాత మాట ఇప్పుడు ఎంత ప్రమాదమో ఆలోచించండి.

అయితే వేలు ఒకవైపే చూపడం న్యాయం కాదు. వఖ్ఫ్ నమోదు నిబంధన 1954 చట్టంలోనూ ఉంది, 1995 చట్టంలోనూ ఉంది. కమిటీ ఎన్నికలలో చూపిన పట్టుదలను సర్వే నంబరు వెతకడంలో చూపామా? ప్రహరీకి చందాలు వేసుకున్నాం; లోపలి నేల ఏ పేరున ఉందో అడిగామా?

ఇప్పటికైనా పంజా సెంటరులోనూ, ఇస్లాంపేటలోనూ, వించిపేటలోనూ ప్రతి మస్జిద్ కమిటీ మేలుకోవాలి. పట్టణ సర్వే రిజిస్టరు, రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, వఖ్ఫ్ గెజిట్ నకళ్లను సమాచార హక్కు చట్టం కింద తెప్పించుకోవాలి. ఇళ్లలోని పాత ఖనన రసీదులను భద్రపరచాలి. పెద్దల జ్ఞాపకాలను వారు బతికుండగానే వాంగ్మూలంగా రాయించాలి.

మయ్యిత్ దరఖాస్తు పెట్టుకోలేదు. దాని తరఫున సంతకం చేయవలసింది మనమే. రేపు మన జనాజా చేరవలసిన చోటు కూడా అదే.