బడితోట యెవరిది?

ఏటేట తొలకరిలో పెద్దలు బడికి వచ్చి, గోడప్రక్క నాలుగు మొక్కలు నాటి, చెంబెడు నీళ్లు పోసి వెడలిపోవుట మన యూళ్లలో నొక తంతుగా పరిణమించినది. ఆ మొక్కలు మేకలపాలయినవో, యెండలపాలయినవో విచారించువారు లేరు. 2019లో కేంద్రప్రభుత్వము మధ్యాహ్నభోజన పథకమునకు అనుబంధముగా పాఠశాలలలో కూరగాయల తోటలు పెంచవలయునని మార్గదర్శక సూత్రములు ప్రకటించెను. చోటు చాలనిచోట కుండీలలోనైనను పెంచవచ్చునట! ఉద్దేశము శ్లాఘ్యమే. కాని తోట యెవరిదో తేలనంతకాలము అది కాగితముమీదనే కాయును.

1902 జనవరిలో అమెరికాలోని ఓహియో రాష్ట్రమున, క్లార్కు జిల్లాలో, ఏ. బి. గ్రేహామను పాఠశాలల పర్యవేక్షకుడు పల్లెపిల్లలను గూర్చి యొక సంఘము పెట్టెను. వారు మేలైన విత్తనముతో మొక్కజొన్న పండించిరి. లిట్మసు కాగితముతో మట్టిని పరీక్షించిరి. 1910లో దక్షిణ కెరొలైనాయందు మేరీ క్రోమరను ఉపాధ్యాయిని బాలికలచేత, ఒక్కొక్కరికి ఎకరములో పదవవంతు చొప్పున, టమాటా సాగుచేయించెను. పండితుల యుపన్యాసములు చెవిని బెట్టని తండ్రులు బిడ్డల మడిలోని పంటను జూచి క్రొత్తపద్ధతులకు లొంగిరి. 1914 నాటి చట్టముతో వ్యవసాయ విస్తరణశాఖ యండ లభింపగా, ఆ సంఘములే ఫోర్-హెచ్ అను పేర దేశమంతట వ్యాపించినవి. కిటుకు చిన్నది: మడి పిల్లవానిది, లెక్కయు వానిదే.

మనకును ఈ త్రోవ క్రొత్త కాదు. రవీంద్రనాథ ఠాకూరు 1924లో ఆరంభించిన శిక్షాసత్రమున తోటపనిని చదువుతో జోడించెను. 1937 నాటి వార్ధా సభ చేతిపని మూలముగనే విద్య గరపవలెనని తీర్మానించెను. అయినను "చదువుకొనకున్న నాగలి పట్టవలసివచ్చును సుమా!" యని రైతే తన కుమారుని బెదరించుచున్నాడు. అప్పుల బాధ యెరిగినవాడు గనుక వానిని తప్పుపట్టలేము. కాని అల్లరిచేసినవానికి కలుపుతీతను శిక్షగా విధించు బడిని మాత్రము క్షమింపరాదు.

మన బడులు మృగశిర కార్తెలోనే తెరువబడును. ఇది మనకు కలిసివచ్చిన సంగతి. అప్పుడు చల్లిన తోటకూర నెలకు కోతకు వచ్చును. బెండ నెలన్నర దాటగనే కాపుపట్టి దసరా సెలవులలోపల చాలినంత కాయును. చేతులు కడిగిన నీరు పారుచోట మునగయు కరివేపయు నాటిన నవి యేండ్లతరబడి నిలుచును. అసలు గండము వేసవి సెలవులు. ఆ నెలన్నర నీరు పోయువారెవరు? కూలి యెవరిత్తురు? పంచాయతీవారును, ఆ బడిలో చదివి పైకివచ్చినవారును, పఠనమందిరముల సభ్యులును విత్తనము చల్లకమునుపే కూర్చుండి దీనిని తేల్చుకొనవలయును.

పిమ్మట తరగతికొక మడి, మడికొక పుస్తకము. విత్తిన తేదీ, వేసిన యెరువు, పట్టిన తెగులు, కోసిన తూకము, అన్నియు పిల్లలే వ్రాయవలెను. ఏ తరగతి తోటకూర నేటి పప్పులో పడినదో భోజనశాల గోడమీద వారిచేతనే వ్రాయింపుడు.